రాతిపువ్వు, మచ్చల సాలమాండరు

హైదరాబాదు నగరమున నాంపల్లి రైలు స్టేషను నుండి వెలుపలికి వచ్చిన బాటసారికి మొదట ఎదురగునవి జనసమ్మర్దము, వాహనముల రొద, పొగ. అచటికి కొంత దూరములోనే పబ్లిక్ గార్డెన్సు కలదు. నిజాము ప్రభువుల కాలమునాటి ఆ తోటను బాగ్-ఎ-ఆం అనియు పిలుతురు. ఎండవేళ అందు ప్రవేశించిన వారికి ప్రాణము లేచివచ్చినట్లుండును. అచట తిరుగువారు పూలను చూతురు, పక్షులను చూతురు, పురావస్తు ప్రదర్శనశాలను చూతురు. చెట్ల బెరడును చూచువారు మాత్రము అరుదు. ఓపికతో వెదకినచో ముదురు చెట్ల బెరడుపైనను, రాళ్లపైనను బూడిదవన్నె మచ్చలు కానవచ్చును. ఎవరో సున్నము చిలికి ఆరనిచ్చినట్లు అవి అంటుకొని యుండును. వానిని చూచి కొందరు చెట్టునకు తెగులు పట్టినదనుకొందురు. కొందరు ధూళి యనుకొందురు. అవి తెగులును కావు, ధూళియును కావు. అవి ప్రాణముగల జీవులు. వానికి లైకెనులని పేరు.

లైకెనులు మనకు బొత్తిగా అపరిచితములు కావు. వానిలో ఒకటి హైదరాబాదు వంటయిండ్లలోనే కలదు. ఆబిడ్సు నుండి మొజంజాహి మార్కెట్టు మీదుగా బేగంబజారునకు పోయినచో మసాలా దినుసులమ్ము దుకాణములు కనబడును. అందు యాలకులు, లవంగములు, దాల్చినచెక్క, జాపత్రి వీని సరసన ఎండిన రేకులవంటి వస్తువొకటి ఉండును. చేతిలోనికి తీసికొన్నచో బరువే తెలియదు. ఒకవైపు బూడిదవన్నె, రెండవవైపు నలుపు. తెలుగువారు దీనిని రాతిపువ్వందురు. ఉర్దూ మాటలాడువారు పత్థర్ కా ఫూల్ అందురు. నూనెలో వేగినగాని దీని సువాసన బయటపడదు. బిర్యానీ మసాలాలో దీనికి చోటు కలదు. ఆయుర్వేదమున శైలేయమని వ్యవహరింపబడునది ఇట్టి లైకెనే. శాస్త్రజ్ఞులు దీనికి పేర్మోట్రీమా పెర్లాటం అని పేరిడిరి. పేరు రాతిపువ్వే కాని, ఇది పువ్వు కాదు. రాతినుండి పుట్టినదియు కాదు. చల్లగా, తేమగా నుండు కొండసీమలలో రాళ్లపైనను, చెట్ల కొమ్మలపైనను పెరుగును. అచట ఏరి, ఎండబెట్టి, మూటలు కట్టి నగరములకు పంపుదురు.

ఈ రాతిపువ్వుతో పోల్చదగిన జీవి మరియొకటి కలదు. దానిని చూచుటకు తెలుగునేలపై ఎచటను వీలులేదు. ఆదివారమునాడు ఆబిడ్సు కాలిబాటలపై పాతపుస్తకముల అంగళ్లు వెలయును. అట్టిచోట దొరకు జంతుశాస్త్ర గ్రంథములలోని బొమ్మలయందు మాత్రమే ఇచటి బాలురకు దాని దర్శనము. అది సాలమాండరు. చూపునకు బల్లివలె నుండును: నాలుగు కాళ్లు, పొడవైన తోక, చిన్న తల. కాని బల్లికిని దీనికిని చుట్టరికము దూరము. బల్లి సరీసృపము, దాని చర్మము పొలుసులతో పొడిగా నుండును. సాలమాండరు కప్పవలె ఉభయచరము. దీని చర్మము పొలుసులు లేక మెత్తగా, తడిగా నుండును. ప్రపంచములో సుమారు 800 జాతుల సాలమాండరులు కలవు. మన దేశములో డార్జిలింగు మొదలగు తూర్పు హిమాలయ ప్రాంతములలో ఇట్టి జంతువులు నివసించుచున్నవి. దక్షిణాపథమున ఇవి లేవు. కావుననే దీనికి తెలుగులో పేరు లేదు.

సాలమాండరు జాతులలో ఇచట చెప్పదలచినది మచ్చల సాలమాండరు. అది ఉత్తర అమెరికా ఖండపు తూర్పు భాగములలోని అడవులలో నుండును. శాస్త్రనామము అంబిస్టోమా మాక్యులేటం. జానెడు పొడవు ఉండును. నల్లని వీపుపై పసుపుపచ్చని గుండ్రని మచ్చలు రెండు వరుసలుగా తీర్చినట్లుండును. సంవత్సరములో ఎక్కువ భాగము అది నేలలోని బొరియలలోను, రాలిన ఆకుల క్రిందను దాగి యుండును. మంచు కరగి, వసంతకాలపు తొలివానలు కురిసిన రాత్రులందు వెలుపలికి వచ్చి, అడవిలోని గుంటలకు గుంపులుగా చేరును. అచట గ్రుడ్లు పెట్టి మరల నేలలోనికి పోవును. ఇరువది ఏండ్లకు పైగా అది జీవింపగలదు.

రాతిపువ్వునకును, మచ్చల సాలమాండరునకును పైకి చూచినచో పోలికయే లేదు. రాతిపువ్వు పుట్టినచోటనే పెరిగి, అచటనే నశించును. సాలమాండరు నడచును, ఈదును. రాతిపువ్వునకు నోరు లేదు, కడుపు లేదు, కన్ను లేదు. సాలమాండరునకు అన్నియు కలవు. వానపాములను, పురుగులను అది వేటాడి తినును. ఒకటి వెలుతురున్నగాని బ్రతుకదు. రెండవది వెలుతురునుండి దాగికొనును. ఎండకాలమున రాతిపువ్వు కరకరలాడునట్లు ఎండిపోయినను మరల వానచినుకు పడగానే ప్రాణము పుంజుకొనును. సాలమాండరు అట్లు ఎండినచో మరి లేవదు. ఇన్ని భేదములున్నను ఈ రెంటికిని రెండు పోలికలు కలవు. అవి తెలిసికొన్న పిమ్మట ఈ రెండు జీవులు ఇరుగుపొరుగు ఇండ్లవారివలె తోచును.

మొదటి పోలిక స్నేహమునకు సంబంధించినది. రాతిపువ్వు ఒక్క జీవి కాదు. దాని శరీరమును పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూచినచో సన్నని దారములు అల్లుకొని కనబడును. ఆ దారములు శిలీంధ్రము. పుట్టగొడుగులు, రొట్టెకు పట్టు బూజు ఈ వర్గమునకే చెందినవి. ఆ దారముల నడుమ ఆకుపచ్చని చిన్నచిన్న గోళములు కనబడును. అవి శైవలములు, అనగా నాచుజాతివి. ఈ రెండును కలిసి కట్టుకొన్న కాపురమే లైకెను. ఇట్టి లైకెనులు ప్రపంచములో సుమారు 20,000 జాతులు కలవని అంచనా.

ఈ రహస్యమును 1867లో స్విట్జర్లాండు దేశీయుడగు సైమన్ ష్వెండెనర్ వెల్లడించెను. శిలీంధ్రము యజమాని యనియు, శైవలములు దాని చెరలోని దాసులనియు అతడు వర్ణించెను. అప్పటి లైకెను శాస్త్రజ్ఞులలో పెక్కురు ఈ మాటను సహింపలేకపోయిరి. తాము జీవితమంతయు శ్రమించి పరిశీలించిన మొక్కలు మొక్కలే కావనుట వారికి అవమానముగా తోచెను. వారిలో ప్రముఖుడు ఫిన్లాండులో పుట్టి పారిస్ నగరమున స్థిరపడిన విలియం నైలాండర్. అతడు తుదివరకును ష్వెండెనర్ సిద్ధాంతమును అంగీకరింపలేదు. కాని సూక్ష్మదర్శిని చూపిన సత్యమే నిలిచినది. వేరువేరు జాతుల జీవులు కలిసి బ్రతుకుటను గూర్చి జర్మను శాస్త్రజ్ఞుడు డి బారీ చేసిన ఉపన్యాసము 1879లో ప్రచురింపబడెను. సహజీవనమను భావము అప్పటినుండి శాస్త్రలోకమున స్థిరపడినది.

ఈ కాపురములో ఎవరి పని వారికి కలదు. శైవలము సూర్యరశ్మిని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును, నీటిని గ్రహించి ఆహారమును తయారుచేయును. అందు కొంత భాగము శిలీంధ్రమునకు అందును. శిలీంధ్రము తనంతట ఆహారమును సిద్ధపరచుకొనలేదు. అందులకు బదులుగా అది శైవలమునకు ఇల్లు కట్టిపెట్టును. తీవ్రమైన ఎండ తగులకుండ కప్పు వేయును. రాతినో బెరడునో గట్టిగా పట్టుకొని యుండును. దొరకిన తేమను దాచియుంచును. ఒంటరిగా ఏదియు నిలువలేని రాతిపై రెండును కూడి నిలుచుచున్నవి. రాతిపువ్వు అంచులయందు పిండివంటి పొడి రాలును. ఆ పొడిలోని ప్రతి రేణువునందును శిలీంధ్రపు పోగులును, శైవలకణములును కలిసియే ఉండును. గాలికి ఆ రేణువు ఎచట పడినను రెండును జంటగనే క్రొత్త కాపురము పెట్టును. 2016లో టోబీ స్ప్రిబిల్ అను శాస్త్రజ్ఞుడును, అతని తోడివారును మరియొక విశేషమును ప్రకటించిరి. పెక్కు లైకెనుల పైపొరలో మరియొక జాతి శిలీంధ్రము కూడ నివసించుచున్నదట. ఇద్దరని తలచిన ఇంటిలో మూడవవాడు కూడ కలడన్నమాట.

మచ్చల సాలమాండరు కథలోను ఆకుపచ్చని శైవలమే కలదు. అది వచ్చు చోటు గ్రుడ్డు. ఈ జంతువు నీటిలో మునిగిన పుల్లలకు అంటుకొనునట్లు గ్రుడ్లను ముద్దగా పెట్టును. గ్రుడ్ల చుట్టును దట్టమైన జిగురుపదార్థముండును. ఆ జిగురు శత్రువులనుండి గ్రుడ్డును కాపాడును. కాని దానివలన ఒక చిక్కు కలదు. దట్టమైన జిగురు గుండ ప్రాణవాయువు లోనికి చక్కగా చొరదు. ముద్ద నడుమనున్న పిండమునకు ఊపిరి సలుపుట కష్టము. అట్టి సమయమున శైవలకణములు జిగురులోనికి చేరి గ్రుడ్డులో వృద్ధిపొందును. కొద్దిదినములలో గ్రుడ్లు లేత ఆకుపచ్చగా మారును.

ఈ ఆకుపచ్చదనమును 1888లోనే హెన్రీ ఆర్ అను శాస్త్రజ్ఞుడు గమనించి వ్రాసెను. తరువాత ఆ శైవలమునకు ఊఫిలా అని పేరిడిరి. గ్రుడ్డును ప్రేమించునది అని ఆ పేరునకు అర్థము. పేరు సార్థకమే. పిండము విసర్జించు మాలిన్యములందు నత్రజని యుండును. శైవలమునకు అది ఎరువు. పిండము విడుచు బొగ్గుపులుసు వాయువు శైవలమునకు ఆహారసాధనము. పగటివేళ శైవలము విడుచు ప్రాణవాయువు పిండమునకు ఊపిరి. 1940 తరువాతి సంవత్సరములలో పెర్రీ గిల్బర్ట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దీనిని పరీక్షించి చూచెను. శైవలమున్న గ్రుడ్లలోని పిల్లలు త్వరగా పెరుగుననియు, శైవలము లేని గ్రుడ్లలో ఎక్కువ పిల్లలు చచ్చుననియు అతడు కనుగొనెను. ఒకరికి మాలిన్యమైనది మరొకరికి భాగ్యమగుట అనగా ఇదియే.

ఈ స్నేహము గ్రుడ్డు జిగురుతో ఆగిపోవునని శాస్త్రజ్ఞులు చిరకాలము తలచిరి. రయన్ కెర్నీ అను శాస్త్రజ్ఞుడును, అతని తోడివారును 2011లో ప్రకటించిన సంగతి అందరిని ఆశ్చర్యపరచినది. శైవలకణములు పిండముయొక్క శరీరకణముల లోపలికే ప్రవేశించుచున్నవని వారు చూపిరి. వెన్నెముకగల జంతువులు తమ కణములలోనికి అన్యజీవులను సామాన్యముగా రానీయవు. చొచ్చినదానిని శత్రువుగా నెంచి చంపును. అట్టి జంతువు కణములలో శైవలము కాపురముండుట కనబడిన మొదటి ఉదాహరణము ఇదియే.

అయితే స్నేహమన్నచో ఎల్లప్పుడు ఇద్దరికిని సమానమైన సుఖమే కలుగునని తలపరాదు. 2017లో ప్రకటింపబడిన పరిశోధన ఈ విషయమును తెలుపుచున్నది. సాలమాండరు కణములోనికి ప్రవేశించిన శైవలము ఇబ్బందులకు లోనగుచున్నదట. దానికి వెలుతురు, ప్రాణవాయువు తక్కువై, అది తన జీవనవిధానమునే మార్చుకొనవలసి వచ్చుచున్నది. ఆతిథ్యమిచ్చిన కణమునకు మాత్రము అంతటి బాధ కానరాలేదు. ష్వెండెనర్ లైకెనును గూర్చి చెప్పిన యజమాని, దాసుల మాట ఇచటను కొంత జ్ఞప్తికి వచ్చును. ప్రకృతిలోని స్నేహములు లెక్కలు లేని స్నేహములు కావు.

రెండు స్నేహములకును గల భేదమును కూడ గుర్తింపవలెను. రెంటను ఉన్నది ఆకుపచ్చని శైవలమే యైనను, రెండును ఒకే జాతి కాదు. రాతిపువ్వులో శిలీంధ్రమునకును శైవలమునకును గల బంధము జీవితాంతము నిలుచును. ఆ బంధము తెగినచో రాతిపువ్వను ఆకారమే ఉండదు. సాలమాండరునకు ఈ స్నేహము శైశవమునందలిది. గ్రుడ్డు పగిలి, పిల్ల యెదిగి, నేలలోని చీకటిలో నివాసమేర్పరచుకొన్న పిమ్మట వెలుతురు కోరు శైవలమునకు అచట పని లేదు. ఒకటి సంసారము వంటిది. రెండవది ఉగ్గుపాలు పట్టి వెడలిపోయిన దాది వంటిది. దాదిని పెరిగిన బిడ్డ మరచిపోవచ్చును. కాని దాది లేనిచో బిడ్డ పెరుగుట దుర్లభము.

ఇక రెండవ పోలిక. ఇండ్లకు తలుపులున్నట్లే జీవుల శరీరములకు కాపుదలలు కలవు. మామిడియాకుపై మైనపు పూతవంటి పొర యుండును. దానివలన నీరుగాని విషముగాని ఎచటబడిన అచట లోనికి పోజాలదు. బల్లికి పొలుసులు, కోడికి ఈకలు, మనుష్యునకు దళసరి చర్మము. రాతిపువ్వునకు అట్టి మైనపు పొర లేదు. నీరు తెచ్చు వేరులును లేవు. వానను, మంచును, గాలిలోని తేమను అది ఒళ్లంతయు నోరుగా చేసికొని త్రాగును. సాలమాండరు చర్మమును అట్టిదే. మచ్చల సాలమాండరునకు ఊపిరితిత్తులున్నను తడిచర్మము గుండ కూడ ప్రాణవాయువును గ్రహించును. కొన్ని సాలమాండరు జాతులకు ఊపిరితిత్తులే లేవు. అవి చర్మముతోను, నోటిలోని పొరతోను ఊపిరి పీల్చును. రాతిపువ్వు, సాలమాండరు రెండును తలుపు తెరచిన ఇండ్లు. స్నేహితుడు వచ్చు తలుపుననే శత్రువును రాగలడు.

ఆ శత్రువులలో ముఖ్యమైనది పొగ. దీనిని మొదట గ్రహించినవారిలో ఒకడు, విచిత్రముగా, ష్వెండెనర్‌ను ప్రతిఘటించిన నైలాండరే. పారిస్ నగరమున లక్సెంబర్గు ఉద్యానమని ఒక తోట కలదు. నాంపల్లి తోటవలె అదియు నగరము నడుమనున్న సార్వజనికోద్యానము. ఆ తోట చెట్లపై పెక్కు లైకెనులు పెరుగుచుండగా, నగరములోని ఇతర ప్రదేశములలో అవి లేకుండుటను నైలాండర్ గమనించెను. లైకెనులు గాలి యొక్క శుద్ధిని కొలుచు సాధనములని 1866లో అతడు వ్రాసెను. లైకెనులోని స్నేహమును నమ్మని శాస్త్రజ్ఞుడే, లైకెను తలుపు తెరచిన ఇల్లను సత్యమును కనిపెట్టెను. అతడు వ్రాసిన కొన్ని దశాబ్దములకే బొగ్గు పొగ హెచ్చి, ఆ తోటలోని లైకెనులును నశించినవి.

బొగ్గు మండినప్పుడు అందలి గంధకము గంధక ద్విఆక్సైడను వాయువుగా మారును. అది తడిసిన లైకెనులోనికి చొచ్చి శైవలముయొక్క ఆకుపచ్చదనమును చెరచును. ఆహారము వండువాడు పడిపోయినచో ఇంటిలోని వారందరును పస్తులే. శిలీంధ్రమును క్రమముగా చచ్చును. 1970లో హాక్స్‌వర్త్, రోజ్ అను ఇద్దరు ఆంగ్లశాస్త్రజ్ఞులు చెట్ల బెరడుపై పెరుగు లైకెనులను చూచి గాలిలోని గంధక ద్విఆక్సైడును అంచనా కట్టుటకు ఒక కొలతను ఏర్పరచిరి. ఏ చెట్టుమీద ఏ లైకెను ఉన్నదో, ఏది లేదో చూచి, యంత్రము లేకయే గాలి మంచిచెడ్డలను చెప్పుటకు వీలుకలిగినది.

ఈ గంధక ద్విఆక్సైడు గాలిలోనే నిలిచిపోదు. మేఘములలోని నీటితో కలిసి ఆమ్లమై వానగా కురియును. ఆ వాన, ఆ మంచు అడవి గుంటలలో చేరును. మచ్చల సాలమాండరు గ్రుడ్లు పెట్టునది ఆ గుంటలలోనే. నీటి ఆమ్లతను కొలుచు పి.హెచ్. మానములో 7 అనగా తటస్థము. అంకె తగ్గినకొలది నీరు పులియును. అమెరికాలో హార్వే పౌ అను శాస్త్రజ్ఞుడు 1976లో తన పరిశీలనలను ప్రకటించెను. పి.హెచ్. 6 కంటె తక్కువగానున్న గుంటలలో మచ్చల సాలమాండరు గ్రుడ్లు నూటికి 60కి మించి చచ్చిపోయినవి. నీరు తటస్థమునకు దగ్గరగానున్న గుంటలలో నూటికి ఒకటియైనను చావలేదు. కారఖానా గొట్టమునుండి వెలువడిన ఒకే పొగ చెట్టుపై లైకెనును, అడవిగుంటలోని సాలమాండరు గ్రుడ్డును చంపగలదని దీనివలన తేలుచున్నది.

అయినను ఈ కథ అంతయు విషాదము కాదు. 1952 డిసెంబరులో లండను నగరమును దట్టమైన పొగమంచు క్రమ్మి వేలకొలది ప్రజలను బలిగొన్నది. అందుమీదట 1956లో బ్రిటను పార్లమెంటు స్వచ్ఛవాయు చట్టమును చేసెను. 1990లో అమెరికా తన వాయుచట్టమును సవరించి, ఆమ్లవర్షమునకు కారణమగు వాయువులపై కట్టుబాట్లు విధించెను. పొగ తగ్గిన నగరములకు లైకెనులు మెల్లగా మరలివచ్చినవి. నైలాండర్ తిరిగిన లక్సెంబర్గు ఉద్యానములో లైకెనులు మరల నెలకొన్నవని 1991లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఎవరును వానిని తెచ్చి నాటలేదు. గాలి బాగుపడగానే అవియే వచ్చినవి. తలుపు తెరచిన ఇంటికి ఇదియు ఒక లాభము.

సాలమాండరులకు పొగయే కాక మరియొక శత్రువును కలదు. అది ఒక శిలీంధ్రము. ఒక జాతి శిలీంధ్రము రాతిపువ్వునకు శరీరమై నిలువగా, మరియొక జాతి శిలీంధ్రము సాలమాండరునకు మృత్యువగుచున్నది. నెదర్లాండ్సు దేశములోని అగ్ని సాలమాండరు అను జాతి 2010 తరువాత కొద్ది యేండ్లలోనే నూటికి 90కి మించి నశించినది. చర్మమును తినివేయు ఒక శిలీంధ్రము ఇందులకు కారణమని 2013లో తెలిసినది. చర్మముతో ఊపిరి పీల్చు ప్రాణికి చర్మమే పోయినచో ఇక మిగులునదేమి? దీనికి దగ్గరి బంధువైన మరియొక శిలీంధ్రము ప్రపంచమంతటను కప్పలను పీడించుచున్నది. హైదరాబాదులోనే అత్తాపూర్ ప్రాంతమున అంతరించు ప్రాణుల సంరక్షణకై ఒక పరిశోధనాలయము కలదు. అందలి శాస్త్రజ్ఞులు కప్పల వ్యాధులను గూర్చియు పరిశోధించుచున్నారు. సాలమాండరు మన నగరమున లేకున్నను, దాని బంధువైన కప్ప వానాకాలమున ప్రతి గుంటలోను బెకబెకలాడుచునే యుండును. సాలమాండరును గూర్చి నేర్చిన పాఠము దానికిని వర్తించును.

రాతిపువ్వును గూర్చిన పాఠమును నాంపల్లి తోటలోనే పరీక్షించి చూడవచ్చును. విద్యార్థులు ఒక భూతద్దమును, చిన్న సీసాలో నీటిని తీసికొని పోవలెను. ఎండిన లైకెను మచ్చపై రెండు మూడు నీటిబొట్లు వేసి కొంచెముసేపు ఆగవలెను. బూడిదవన్నెగల మచ్చ క్రమముగా ఆకుపచ్చని ఛాయకు తిరుగుట పలుమారు కనబడును. తడిసిన పైపొర తేటపడి, లోపలి శైవలముల రంగు పైకి తెలియుటయే అందులకు కారణము. ఆ ఒక్క బొట్టుతో ఇంటిలోని రెండవవాడు కిటికీలోనుండి తొంగిచూచినట్లగును. పిమ్మట రోడ్డు ప్రక్కనున్న చెట్లను, తోట లోపలి చెట్లను విడివిడిగా పరిశీలించి, ఏ బెరడుపై మచ్చలెక్కువయో, దేనిపై తక్కువయో పుస్తకములో గుర్తించుకొనవలెను. చెట్టు జాతి, నీడ, బెరడు నునుపు ఇవియు లెక్కలోనికి వచ్చును గనుక తొందరపడి తీర్పు చెప్పరాదు. ఆబిడ్సు కూడలిలో నిలిచిన వాహనముల పొగలో నత్రజని ఆక్సైడులును, సన్నని ధూళియు ఉండును. కొన్ని లైకెనులు వానిని సహించును, కొన్ని సహింపలేవు. ఏటేట ఒకే చెట్టును చూచి వ్రాసికొన్న విద్యార్థికి ఆ బెరడే ఒక గ్రంథమగును.

ఒక జాగ్రత్త మాత్రము అవసరము. లైకెనును గోటితోగాని చాకుతోగాని గీకరాదు. ఆకులవలె పెరుగు లైకెనులు కూడ పెక్కు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. రాతికి అంటుకొని పెరుగు జాతులు అంతకంటె మందగతిని పెరుగును. ఒక నిమిషమున గీకివేసిన మచ్చ బాలుని వయస్సంత వయస్సు గలదై యుండవచ్చును. హైదరాబాదు చుట్టునుగల నల్లరాతి గుట్టలు సుమారు 250 కోట్ల ఏండ్లనాటివి. వానిని పగులగొట్టినప్పుడు రాయితోపాటు దానిపై పెరిగిన ఈ చిరుకాపురములును పోవును. రాయిని మరియొకచోట వాడుకొనవచ్చును. కాపురమును మరల పెట్టుటకు మాత్రము ఏండ్లు పట్టును.

రాతిపువ్వు కదలదు, సాలమాండరు కదలును. ఒకటి మన వంటయింటిలో నున్నది, రెండవది సముద్రములకావల నున్నది. అయినను రెండును ఒక్క సంగతినే చెప్పుచున్నవి. ఏ జీవియు తనంతట తాను నిండైనది కాదు. తోడు కావలెనన్నచో తలుపు తెరువవలెను. తలుపు తెరచిన ఇంటికి మంచిగాలి కావలెను. ఆ గాలి నిచ్చుటయో, పొగ నిచ్చుటయో మనుష్యుని చేతిలో నున్నది. ఈమారు వంటయింటిలో మసాలా వేగి రాతిపువ్వు పరిమళము వ్యాపించినప్పుడు, ఆ చిన్న రేకు ఒక కొండకొమ్మపై రెండు జీవులు ఏండ్ల తరబడి కలిసి కట్టుకొన్న ఇల్లని విద్యార్థులు జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక.